మీవాడికి రాదు

ఆ రోజుల్లో విశాఖలో ఇడ్లీ తినాలనిపించినవాళ్ళు 'నిన్నటిపిండి' అని పిలిచేవారు. పిలవగానే చెవిలో పెట్టుకున్న పూసలాంటి యంత్రం ఆ పేరు అందుకుని, ఆ హోటల్ వెబ్‌సైట్‌ని కళ్ళముందు గాలిలో ఒక గదిలా తెరిచేది. బట్టలు ఉతికించుకోవాలంటే 'గుండీలూడతాయి' అని పిలవాలి. పెళ్ళి సంబంధాలు కుదిర్చే సంస్థ పేరు 'ఫొటోలోలా ఉండరు'. ఊళ్ళో అందరికీ తెలిసిన పంటి డాక్టరు పేరు 'నొప్పి తెలుస్తుంది'. కొండమీద ఒక దర్జీకి మాత్రం 'చెప్పిన రోజుకిస్తాడు' అనే పేరు దక్కింది. అతనికి అదొక బిరుదు. గుమ్మం మీద పెద్దక్షరాలతో చెక్కించుకున్నాడు.

ఇవి ఎవరో వేళాకోళానికి పెట్టిన పేర్లు కావు. ప్రభుత్వం నమోదు చేసి ఇచ్చిన జాలనామాలు. జాలనామం అంటే వెనకటివాళ్ళు డొమైన్ నేమ్ అనేవారే, అదే. అప్పట్లో వేళ్ళతో టైపు చేసేవారు, ఇప్పుడు నోటితో పలుకుతున్నారు. చివర చుక్క, చుక్క తర్వాత తోక. తిండి అమ్మేవాళ్ళకి 'చుక్క తిండి', వైద్యం చేసేవాళ్ళకి 'చుక్క వైద్యం', చదువు చెప్పేవాళ్ళకి 'చుక్క బడి'. తోక ఎవరూ పలకరు, పూస దానంతటదే తగిలించుకుంటుంది. మనుషులకు కావలసింది ముందు మాటే.

ఆ ముందు మాట కోసం అంతకుముందు వందేళ్ళపాటు మనుషులు చేసిన నీచపు పనులు అన్నీ ఇన్నీ కావు. తెలుగులో తియ్యగా వినిపించే ప్రతి మాటనీ ఎవడో ఒకడు ముందే కొనేసి, దానిమీద పాములా చుట్టచుట్టుకుని కూర్చున్నాడు. మిగిలినవాళ్ళు ఉన్న మాటలకే దీర్ఘాలూ ఒత్తులూ తగిలించి వాడుకున్నారు. సముద్రపు నీళ్ళలో సగం ఉప్పు తీసి అమ్మేవాడి పేరు 'అమృతవాహిని'. అద్దెకున్నవాళ్ళని ఏడాదికి రెండుసార్లు సామాన్లతో సహా రోడ్డున పడేసే సంస్థ 'సొంతగూడు'. మనిషి ఎంత అబద్ధం ఆడితే పేరు అంత అందంగా ఉండేది. విన్నవాడు అంత సంతోషంగా మునిగేవాడు.

డాక్టర్ యర్రంశెట్టి భానోజీ తల్లి అలాగే మునిగింది. ఆవిడ కళ్ళలో శుక్లాలు ముదిరినప్పుడు భానోజీ ఢిల్లీలో చదువుకుంటున్నాడు. వచ్చేదాకా ఆగమంటే ఆవిడ ఆగలేదు. పూసలో 'దివ్యనేత్ర' అని పిలిచి, వాళ్ళు రమ్మన్న చోటికి వెళ్ళింది. వెళ్ళేటప్పుడు మసకగానైనా కనిపించేది, తిరిగొచ్చేటప్పటికి ఆ మసక కూడా మిగల్లేదు. ఎవరినీ అడక్కుండా ఎందుకు వెళ్ళావమ్మా అంటే ఆవిడ, "పేరు బాగుందిరా నాయనా" అంది.

ఆ మాట భానోజీకి జీవితాంతం ఒంట్లో విరిగిన ముల్లులా ఉండిపోయింది. మోసం చేసినవాడి మీదకంటే మోసపోయినవాళ్ళ మీదే అతనికి ఎక్కువ అసహ్యం పుట్టింది. మనిషి చెవితో ఆలోచించే జంతువు అని అతని సిద్ధాంతం. ఆ చెవిలోనే నిజం పోస్తే మూర్ఖత్వం దానంతటదే చస్తుందని అతను గట్టిగా నమ్మాడు. ఆ నమ్మకంతోనే పదిహేనేళ్ళు కష్టపడి 'సార్థకి' అనే యంత్రాన్ని తయారుచేశాడు.

సార్థకి చేసే పని చెప్పడానికి సులువే. ప్రతి మనిషి చెవిలోనూ పూస ఉంటుంది. ఒక దుకాణంలోకి అడుగుపెట్టేటప్పుడు ఆ మనిషి నాడి ఎలా కొట్టుకుంది, మెదడులో ఏ ఆశ వెలిగింది అన్నది ఆ పూసకు తెలుస్తుంది. బయటికొచ్చాక, ఆ తర్వాత కొన్నాళ్ళకి, ఆ మనిషికి నిజంగా ఏం దక్కిందో కూడా తెలుస్తుంది. ఆశకీ అందినదానికీ మధ్యనున్న తేడాకి భానోజీ 'అర్థదూరం' అని పేరు పెట్టాడు. ఒక వ్యాపారం దగ్గరికి వెళ్ళిన వాళ్ళందరి అర్థదూరాన్నీ సార్థకి కొలిచి, దాన్ని పసిపిల్లలకు కూడా తెలిసే మాటల్లో, ఎంత తక్కువ మాటల్లో వీలైతే అంత తక్కువలో చెబుతుంది. అదే ఆ వ్యాపారం పేరు. ఒప్పుకుంటే నమోదవుతుంది. ఒప్పుకోకపోతే ఆ వెబ్‌సైట్ ఎవరి కళ్ళముందూ తెరుచుకోదు. పాత పేర్ల గడువు తీరేకొద్దీ అందరూ ఈ గుమ్మం తొక్కాల్సిందేనని చట్టం వచ్చింది.

నమోదు కార్యాలయం కైలాసగిరి మీద ఉండేది. పాత బీచి రోడ్డు సముద్రంలో కలిసిపోయాక సగం ఊరు కొండలెక్కింది. రోజూ పొద్దున్నే పట్టుబట్టలు కట్టుకుని, నుదుట బొట్లు పెట్టుకుని వ్యాపారులు వచ్చేవాళ్ళు. మధ్యాహ్నానికి మొహాలు వేలాడేసుకుని దిగిపోయేవాళ్ళు. గాజుగోడ వెనక నించుని ఆ దిగిపోయే మొహాల్ని చూడటం భానోజీకి రోజువారీ వినోదం.

అతనితో కలిసి యంత్రాన్ని నిర్మించిన ఇంజనీరు రజియా ఒకసారి అడిగింది. "సార్, ఒక మాట అడుగుతాను, కోప్పడకండి. ఆ ఆస్పత్రి పేరు బాగోకపోయుంటే అమ్మగారు వెళ్ళేవారు కాదంటారా?"

"వెళ్ళేది కాదు" అన్నాడు భానోజీ, ఆలోచించకుండానే.

దామెర్ల చక్రధర్ వచ్చింది వానాకాలంలో. తడిసిన గొడుగు గుమ్మంలో పెట్టి, పట్టుచొక్కా సర్దుకుని, రెండు చేతులూ జోడించి లోపలికొచ్చాడు. సింహాచలం కొండ వెనక అతనికో శిక్షణ సంస్థ ఉంది. అంగారకుడి మీద ఆవాసానికి ఏటా దేశం మొత్తం నుంచి గుప్పెడుమంది పిల్లల్ని ఎంపిక చేస్తారు. దానికి 'ఆరోహణ' అని ఒక పరీక్ష. ఆ పరీక్షకి పిల్లల్ని తయారుచేయడమే అతని వ్యాపారం. అంగారకుడి మీద మనిషి బరువు ఇక్కడి బరువులో మూడోవంతుకి కాస్త ఎక్కువ. ఆ బరువుకి అలవాటు పడటానికి 'తేలికగది' అనే పెద్ద డోలులాంటి గదిలో పిల్లల్ని నెలల తరబడి ఉంచుతారు. నడుముకి పట్టీ కట్టి, బరువుని పైనుంచి మోస్తూ, అందులోనే చదువు, అందులోనే నిద్ర. మోసే బరువు లేకపోతే ఎముక గుల్లబారుతుంది, కండ కరుగుతుంది. బయటికొచ్చాక కొందరు కోలుకుంటారు. కొందరు కోలుకోరు.

"మా పాత పేరు గడువు తీరిందండి" అన్నాడు చక్రధర్ కుర్చీ అంచున కూర్చుంటూ. "కొత్త పేరు గురించి చాలా ఆలోచించాను. పేరు పొట్టిగా ఉండాలి. నోరు సులువుగా తిరగాలి. ఒకసారి వింటే మరిచిపోకూడదు. పక్క సంస్థ పేరుతో కలిసిపోకూడదు. మధ్యలో అంకెలూ గీతలూ ఉండకూడదు. 'కుజవిజయం' అనుకున్నాను. సంఖ్యాశాస్త్రం చూసేవాడు అక్షరాల కూడిక కుదరలేదన్నాడు. అందుకని 'అంగారకశ్రీ'. దానికి కుదిరిందండి."

"అన్నీ చక్కగా ఆలోచించారు" అన్నాడు భానోజీ. "ఒక్కటి మరిచిపోయారు. ఇక్కడ పేరు ఎంచుకునేది మీరు కాదు."

"తెలుసండి. కానీ మీరు ఒక మాట చెబితే యంత్రం వింటుందని..."

"ఎవరన్నారు?"

భానోజీ సార్థకి వైపు తిరిగి చెప్పమన్నాడు. సార్థకి గొంతు ఆడా కాదు, మగా కాదు. రైల్వే స్టేషన్‌లో ప్రకటన చదివినట్టు, ఎక్కడా ఒత్తు లేకుండా చెప్పింది.

"ఈ సంస్థకి వచ్చిన తల్లిదండ్రుల్లో ప్రతి ఒక్కరి ఆశా ఒకటే. తమ బిడ్డకి ఆరోహణలో చోటు రావడం. ఆ చోటు వచ్చినవాళ్ళు దాదాపు లేరు. రానివాళ్ళలో ఎక్కువమందికి ఎముకలు దెబ్బతిన్నాయి. పేరు: మీవాడికి రాదు."

"మీవాడికి... రాదు?" అన్నాడు చక్రధర్. "అదా పేరు?"

"పొట్టిగా ఉంది. నోరు తిరుగుతోంది. ఒకసారి వింటే మరిచిపోరు" అన్నాడు భానోజీ. అతని పెదవుల చివర నవ్వు దాగడం లేదు.

"అయ్యా, ఆ పేరుతో నా గుమ్మంలో ఈగ కూడా వాలదు."

"వాలకూడదనే."

చక్రధర్ ఏడ్చాడు. నటన కాదు, ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చాడు. ఇద్దరు కొడుకులని, ముసలి అత్తగారని, మనిషికి గుర్తొచ్చేవన్నీ చెప్పుకున్నాడు. భానోజీ వేళ్ళ గోళ్ళు చూసుకుంటూ విన్నాడు. చివరికి చక్రధర్ ఒప్పుకుంటున్నానన్నాడు. ఒప్పుకోకపోతే మూసేసుకోవాలి. ఒప్పుకుంటే కనీసం ఒక నెలైనా నడవొచ్చని అతని ఆశ. పేరు నమోదైంది. గొడుగు మరిచిపోయి వానలోనే దిగిపోయాడు.

"ఒక వెధవ తగ్గాడు" అన్నాడు భానోజీ.

రజియా గొడుగు పట్టుకుని అతని వెనక పరిగెత్తింది.

చలికాలం వెళ్ళేటప్పటికి రజియా ఒక వార్త తెచ్చింది. చెప్పాలా వద్దా అన్నట్టు తలుపు దగ్గరే నిలబడింది. "సార్, ఆ మీవాడికి రాదు సంస్థ రెండో భవనం కడుతోంది. మొదటిది సరిపోవడం లేదట."

భానోజీ నమ్మలేదు. స్వయంగా వెళ్ళి చూశాడు. సింహాచలం కొండ వెనక రోడ్డు మలుపు తిరిగేసరికి జనం. కొండ మెట్లకి ఇరువైపులా తల్లిదండ్రులు, వాళ్ళ పక్కన పిల్లలు. గేటుపైన నిలువెత్తు అక్షరాలు: మీవాడికి రాదు. ఆ అక్షరాల కిందే నించుని జనం ఫొటోలు తీయించుకుంటున్నారు.

వరసలో ఉన్న పోర్టు ఉద్యోగి ఒకాయన్ని భానోజీ అడిగాడు. "ఆ పేరు చదివారా?"

"చదవకపోవడమేమిటండీ! ఆ పేరు చూసే వచ్చాం. ఇంత ధైర్యంగా చెప్పాడంటే సరుకున్నవాడన్నమాట. లేనివాడైతే వస్తుంది వస్తుందని డబ్బా కొడతాడు."

"కానీ రాదంటున్నాడు కదా?"

ఆ మనిషి చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "వీళ్ళకి రాదండి. ముందున్న ఆ పిల్లాణ్ణి చూడండి, నిలబడే ఓపికే లేదు. వీడికేం వస్తుంది? వెనకవాళ్ళు చూస్తే వట్టి మొద్దులు. ఇందరికి రాకపోతేనే కదా మావాడికి వచ్చేది."

ఆ ముందున్న పిల్లాడి తండ్రి కూడా ఇంచుమించు ఇవే మాటలు చెప్పాడు, వెనక్కి కంటిసైగ చేస్తూ. పక్కనే ఉన్న ఒకావిడ దంతవైద్యురాలట, చదువుకున్న మనిషి. కూతుర్ని భుజం పట్టుకుని దగ్గరికి లాక్కుని, "మీవాడికి అన్నాడు కానీ మీ అమ్మాయికి అనలేదుగా" అని నవ్వింది. చుట్టుపక్కల ఆడపిల్లల తల్లులంతా తలూపారు.

చక్రధర్ అతన్ని కిటికీలోంచి చూసి దిగి వచ్చాడు. ఇప్పుడు పట్టుచొక్కా లేదు. మామూలు నూలు చొక్కా, మొహంలో ఒక రకమైన తేటదనం. "రండి సార్. ఆ రోజు మీ దగ్గర ఏడ్చాను. బుద్ధిలేక ఏడ్చాను."

"సిగ్గులేదా నీకు?" అన్నాడు భానోజీ.

"నేనేం దాచాను సార్? లోపలికొచ్చిన ప్రతివాళ్ళకీ నా నోటితో నేనే చెబుతున్నాను. మీవాడికి రాదండి, ఎముకలు పోతాయండి, తీసుకెళ్ళిపోండి అని. నవ్వుతారు. నా చెయ్యి పట్టుకుని, మీ నిజాయితీ నచ్చిందండి అంటారు. వెనకటి పేరుతో ఇరవైమంది అనుమానంగా వచ్చేవారు. ఈ పేరుకి ఒక్కడికీ అనుమానం లేదు. అబద్ధమాడే అవసరం తీరిపోయి ఇప్పుడు హాయిగా నిద్రపడుతోంది సార్."

భానోజీ కార్యాలయానికి తిరిగొచ్చి తలుపు దడాలున వేశాడు. "మందలు" అన్నాడు. "గొర్రెలకైనా కసాయివాణ్ణి చూస్తే వణుకు పుడుతుంది. వీళ్ళు కసాయి కొట్టు బోర్డు చదివి లోపలికి పోతున్నారు." సార్థకి ముందు కూర్చుని అడిగాడు. "నువ్విచ్చిన పేరు తప్పా?"

"తప్పు కాదు. పేరు నిజం. విన్నవాళ్ళు కూడా నిజమేనని నమ్ముతున్నారు."

"నమ్మితే ఎందుకు వెళ్తున్నారు?"

"తమకి వర్తిస్తుందని నమ్మడం లేదు."

"ఎంతమంది?"

"అందరూ."

"దాన్ని సరిదిద్దే పేరు చెప్పు."

"నేను వ్యాపారాన్ని కొలుస్తాను. వినేవాళ్ళని సరిదిద్దే పని నాకు మీరు అప్పగించలేదు."

రజియా మెల్లగా అంది. "సార్, పేరుతో ఆగేది కాదిది. తేలికగదిలో ఇన్నాళ్ళకి మించి పిల్లల్ని ఉంచకూడదని చట్టం అడుగుదాం. ఎముకల వైద్యులు సంతకం పెడతారు. నేను తిరుగుతాను."

"చావనీ" అన్నాడు భానోజీ. "నిజం చెప్పినా వినని వాళ్ళ కోసం నేను ఇంకేం చెయ్యాలి? పడనీ గోతిలో. వాళ్ళకి అదే తగిన శాస్తి."

రజియా ఒక్కతే తిరిగింది. వైద్యులు సంతకాలు పెట్టారు. తల్లిదండ్రుల సంఘం మాత్రం ఊరేగింపు తీసింది, మా పిల్లల అవకాశం మీద దెబ్బకొడుతున్నారని. చట్టం రాలేదు.

భానోజీకి ఒక కూతురు ఉంది, తరణి. పదహారేళ్ళు. భీమిలి దగ్గర సముద్రంలో పగడాలు పెంచే తోటలున్నాయి. సెలవు దొరికితే ఆ పిల్ల అక్కడే. ఊపిరి బిగబట్టి నీళ్ళ అడుగుదాకా ఈదేది. చచ్చిన పగడపు కొమ్మ మీద కొత్త మొలక అతికించి వచ్చేది. పెద్దయ్యాక ఆ పనే చేస్తానని చెప్పేది. అంగారకుడి ఊసు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, బడిలో ఎముకల పరీక్ష జరిగేదాకా.

ఆ పరీక్షలో తరణి ఎముకల గట్టిదనం సగటుకన్నా కాస్త ఎక్కువని తేలింది. కాస్తే. లెక్కల్లో ఎలాగూ ముందుంటుంది. బడి పెద్దాయన, "ఆరోహణకి ఇలాంటివాళ్ళే కావాలండి" అని ఏదో మర్యాదకి అన్నాడు. భానోజీ భార్య హైమ ఆ మాట ఇంట్లో చెప్పి, నవ్వేసి ఊరుకుంది.

భానోజీ నవ్వలేదు. మొదట్లో ఆ ఆలోచనని ఈసడించి తోసేశాడు. మర్నాడు అది మళ్ళీ వచ్చింది. అతను శాస్త్రవేత్త కనక దానికి మామూలు జనంలా వంకలు వెతకలేదు, శాస్త్రీయంగా వెతికాడు. సార్థకి చెప్పేది సగటు గురించి. సగటు ఎవరిది? ఆ సంస్థలో చేరినవాళ్ళది. చేరినవాళ్ళెవరు? మూర్ఖుల పిల్లలు. యంత్రం కొలిచింది మూర్ఖుల పిల్లల్ని. ప్రమాదం తెలిసి, ఎముకల లెక్క వారం వారం చూసుకుంటూ, కళ్ళు తెరుచుకుని పంపే తండ్రి ఆ లెక్కలోకి ఎప్పుడూ రాలేదు కదా!

కార్యాలయంలో ఎవరూ లేనప్పుడు సార్థకిని అడిగాడు. "తెలిసి చేరినవాళ్ళ ఫలితాన్ని వేరుగా లెక్కకట్టు."

"ఈ పేరు వచ్చాక చేరినవాళ్ళందరూ తెలిసి చేరినవాళ్ళే" అంది సార్థకి.

"నా అర్థం అది కాదు."

"మీ అర్థం చెప్పండి."

భానోజీ దాని గొంతు ఆపేశాడు.

తరణిని ఆ సంస్థలో చేర్పిస్తానని ఇంట్లో చెప్పినప్పుడు హైమ వింతగా చూసింది. "నిరుడంతా ఆ జనాన్ని గొర్రెలన్నారు మీరు!"

"గొర్రెలే. గొర్రె వెళ్ళిన దారిలో మనిషి వెళ్ళకూడదని ఎక్కడైనా ఉందా? పిల్లకి అంత శక్తి ఉంటే తొక్కిపెట్టమంటావా?"

శక్తి అనే మాట హైమకి నచ్చింది. ఆవిడ మర్నాటికి చుట్టాలతో ఆ మాట వాడడం మొదలుపెట్టింది.

తరణి తండ్రి గదిలోకి వచ్చి నిలబడింది. "నాన్నా, ఆ పేరు నువ్వే కదా ఇచ్చింది?"

"నేనే."

"అబద్ధమా?"

"నేను అబద్ధపు పేరు ఇస్తానా?"

"మరి రాదు కదా నాకు."

"పిచ్చిదానా, అది వాళ్ళ గురించి."

"ఎవళ్ళ గురించి?"

భానోజీకి చిరాకేసింది. కూతురికి ఇంత చిన్న విషయం అర్థం కాకపోవడం అతనికి నచ్చలేదు. "నీకేం తెలుసు నీ గురించి? నాకు తెలుసు" అన్నాడు. తరణి ఆ ఆదివారం భీమిలి వెళ్ళి ఈది వచ్చి, జుట్టు ఆరకుండానే పెట్టె సర్దుకుంది.

సంస్థ గేటు దగ్గర చక్రధర్ స్వయంగా ఎదురొచ్చాడు. ఈసారి అతని మొహంలో నవ్వు లేదు. "సార్, మీరు వద్దు. మీకు నేను చెప్పాలా? తీసుకెళ్ళిపోండి అమ్మాయిని."

"ఆ మాట అందరికీ చెబుతావుగా."

"అందరికీ చెప్పేది అలవాటుగా. మీకు దణ్ణం పెట్టి చెబుతున్నాను."

భానోజీకి ఆ దణ్ణంలో కూడా ఒక మెచ్చుకోలు కనిపించింది. కార్యాలయానికి వెళ్ళాక రజియాతో అదే అన్నాడు. "చూశావా, వాడు కూడా భయపడుతున్నాడు, తన పేరు అబద్ధమైపోతుందని."

రజియా అతని మొహంలోకి చూసింది. "మీరు కూడానా సార్?"

"కూడా ఏమిటి? నేను వాళ్ళలాంటివాణ్ణా?"

ఆమె ఆ నెలాఖరుకి ఉద్యోగం మానేసి వెళ్ళిపోయింది.

తేలికగదిలో తరణి తొమ్మిది నెలలుంది. మొదట్లో వారానికోసారి పూసలో మాట్లాడేది. పడుకుంటే ఒళ్ళు తెలియదని, కల్లో మాత్రం నీళ్ళలో మునుగుతున్నట్టుంటుందని చెప్పేది. తర్వాత తర్వాత తక్కువ మాట్లాడింది. భానోజీ ఎముకల లెక్క చూస్తూనే ఉన్నాడు. గీత దిగింది. ఊహించినదే అనుకున్నాడు. ఇంకా దిగింది. పరీక్షకి ముందు ఇలాగే ఉంటుందనుకున్నాడు. మూడోసారి దిగాక ఆ లెక్క చూడటం మానేశాడు.

ఫలితాలు సంస్థ ఆవరణలోనే ప్రకటించారు. తల్లిదండ్రులందరూ పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చారు. ఆ ఏడాది సంస్థ మొత్తంమీద ఎవరికీ రాలేదు. గేటుమీది అక్షరాలు ఎండకి మెరుస్తున్నాయి. తలెత్తి వాటిని చూసినవాళ్ళు లేరు. తిట్టినవాళ్ళూ లేరు. మెట్ల మీద, నీడపట్టున, పిల్లల్ని కూర్చోబెట్టి కాళ్ళు పిసుకుతూ అందరూ ఒకే మాట చెప్పుకుంటున్నారు, కొద్దిలో పోయిందని. కొద్దిలో పోయిందండి, ఆ ఒక్క భాగంలో తడబడ్డాడు. లేకపోతే వచ్చేసేది.

హైమ ఏడుస్తూ ఒక పక్కన కూర్చుంది. తరణిని ఇద్దరు పట్టుకొచ్చి మెట్టు మీద కూర్చోబెట్టారు. పిల్ల మొహం పాలిపోయి, మోకాళ్ళు ముందుకన్నా పెద్దవిగా కనిపిస్తున్నాయి. ఆ మోకాళ్ళ మధ్య చేతులు పెట్టుకుని కొండకిందికి, దూరంగా కనిపిస్తున్న సముద్రం వైపు చూస్తోంది.

భానోజీ ఆమె పక్కన లేడు. లోపలి కిటికీ దగ్గర కొత్త వరస మొదలైంది. పిల్లల్ని రెండో ఏడాదికి మళ్ళీ చేర్పించేవాళ్ళ వరస. చూస్తుండగానే అది గుమ్మం దాటి మెట్ల దాకా సాగింది. అందులో అతను ఎక్కడో మధ్యలో నించున్నాడు. ముందున్న మనిషికి, ఎంత చిన్న తేడాతో తప్పిపోయిందో శాస్త్రీయంగా వివరిస్తున్నాడు. ఆ మనిషి వినడం లేదు, తన కొడుకు సంగతి చెప్పడానికి సందు కోసం చూస్తున్నాడు.

"నాన్నా" అని పిలిచింది తరణి.

భానోజీ తిరిగి చూశాడు.

"లేవలేకపోతున్నాను. మెట్లు దించవా? ఇంటికెళ్దాం."

భానోజీ వరసలోంచి ఒక కాలు బయటపెట్టాడు. వెనకవాడు వెంటనే అర అడుగు ముందుకి జరిగాడు. భానోజీ ఆ కాలు మళ్ళీ లోపలికి తీసుకున్నాడు.

"ఒక్క నిమిషం కూర్చో తల్లీ" అన్నాడు. "లైను పోతుంది."